ఫుట్‌బాల్ గురువు రహీం మాస్టారు

హైదరాబాద్: మన దేశం ఫుట్‌బాల్‌లో ఆసియా విజేతగా రెండుసార్లు నిలిచింది. ఆ రెండు జట్లకూ శిక్షణ ఇచ్చింది హైదరాబాద్‌కు చెందిన ఒక బడిపంతులు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం 1909 ఆగస్టు 17న జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతూ ఆ జట్టులో ఆడారు. తర్వాత స్థానిక కమర్ క్లబ్ తరఫున బరిలో దిగి మంచి ఆటగాడిగా పేరు తెచ్చుకున్నారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలల్లో పాఠాలు చెప్పారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. చివరి వరకూ ఆ బాధ్యత మోశారు.

1950లో సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యారు. ఆ ఏడాది నుంచి 1954 వరకు, వరుసగా ఐదేళ్లు, బొంబాయి రోవర్స్ కప్పు ఆ జట్టుదే. బంతిని కాలి దగ్గరే అట్టేపెట్టుకోకుండా వెంటనే తోటివాడికి అందించాలన్నది ఆయన పద్ధతి. ఎడమ కాలు అలవాటు కావాలని ఆ కాలితోనే ఆడే పోటీలు పెట్టేవారు.

పేదపిల్లల్లో ప్రతిభ ఉంటే వదిలేవారు కాదు. సికింద్రాబాద్ సమీపంలోని అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాంకు నగరానికి వచ్చి సాధన చేయడానికి దారి ఖర్చు లేదు. సైకిలు అద్దెకు రహీం తన డబ్బు ఇచ్చారు. ఆ కుర్రాడే 1956, 1960 ఒలింపిక్స్‌లో దేశానికి ఆడాడు.

1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో భారత్ స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాదే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఘోరంగా ఓడింది. మనవారిలో చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. రహీం కుంగిపోలేదు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జట్టును నాలుగో స్థానానికి చేర్చారు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశం మనదే.

1962 జకార్తా ఆసియా క్రీడల తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో భారత్ ఓడింది. ఫైనల్లో మళ్లీ ఆ జట్టే ఎదురైంది. తలకు దెబ్బ తగిలి కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ముందు వరుసలో ఆడించారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు చేయగా 2-1తో స్వర్ణం దక్కింది.

ఏడాది తిరక్కుండానే, 1963 జూన్ 11న, రహీం క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆ తర్వాత భారత్‌కు ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మళ్లీ రాలేదు. గురువులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో గానీ పుట్టలేదు. 2024లో ఆయన జీవితంపై హిందీ చిత్రం వచ్చేదాకా, ఈ మాస్టారు పేరు సొంత జిల్లాలోనే చాలామందికి తెలియదు. ఊరి మైదానంలో పిల్లలకు ఆట నేర్పే ప్రతి ఉపాధ్యాయుడూ తలచుకోదగిన జీవితం ఆయనది.