విలియం కేరీ – నాలుగు అక్షరముల నామము

1812 మార్చి 11వ తేదీన శ్రీరాంపూరు ముద్రణాలయము అగ్నికి ఆహుతియైనప్పుడు విలియం కేరీ కలకత్తాలో నుండెను. మరునాడు సహసేవకుడగు మార్ష్‌మన్ వచ్చి ఆ వార్త తెలిపెను. కాలిపోయిన వ్రాతప్రతులలో మన తెలుగు భాషా వ్యాకరణము కూడ నుండెను.

చెప్పులు కుట్టి జీవించిన దినములలోనే హెబ్రీ నేర్చిన ఈ ఆంగ్లేయుడు 1793లో కలకత్తా చేరెను. 1801 నుండి ఫోర్ట్ విలియం కళాశాలలో బంగాళీ బోధించుచు, హుగ్లీ నదిపై పడవలో వారమువారము శ్రీరాంపూరునకు పోయి వచ్చుచుండెను. పాత నిబంధనను బంగాళీలోనికి, సంస్కృతములోనికి తెచ్చెను.

అట్టి అనువాదకునికి ఎదురగు చిక్కులలో దేవుని నామమొకటి. హెబ్రీలో అది యోద్, హే, వావ్, హే అను నాలుగు హల్లులు మాత్రమే. యూదులు భయభక్తులచేత దానిని ఉచ్చరింపక, ప్రభువు అను అర్థముగల అదోనాయ్ అని చదివిరి. పిమ్మట మసోరా పండితులు ఆ పదపు అచ్చుల గుర్తులనే ఈ హల్లులకు చేర్చిరి. ఆ రెండింటి కలయికనుండి పుట్టినదే మన బైబిలులోని యెహోవా. అసలు ఉచ్చారణ యాహ్వే అని నేటి పండితులలో అనేకుల అభిప్రాయము. అయితే నిర్గమకాండము 3వ అధ్యాయము ఆ నామమును ఉండుట అను క్రియతో ముడివేయుచున్నది. పలుకుబడి మరుగైనను ఆ భావము మరుగు కాలేదు గదా!

కేరీ మరల మొదటినుండి వ్రాయసాగెను. తెలుగు వ్యాకరణము 1814లోను, తెలుగు క్రొత్త నిబంధన 1818లోను శ్రీరాంపూరున అచ్చుపడెను. కొలదికాలమునకు మోషే పంచకాండములును తెలుగున వెలువడెను. 1834 జూన్ 9న ఆయన శ్రీరాంపూరులోనే ప్రభునందు నిద్రించెను.