సర్వక్రీడా నిపుణుడు టామ్ కీలీ

పరుగు పందెంలో గెలవడానికి వేగం కావాలి. బరువును దూరంగా విసరడానికి భుజబలం కావాలి. ఎత్తు దూకడానికి ఒడుపు కావాలి. ఈ మూడు గుణాలూ ఒకే వ్యక్తిలో కుదరడం అరుదు. అటువంటి అరుదైన క్రీడాకారులలో ఐర్లండ్ దేశస్థుడైన టామ్ కీలీ ఒకడు. ఒకే దినంలో పది పోటీలను ఎదుర్కొని ఒలింపిక్ విజేతగా నిలిచిన ఆయన, ఆ విజయం ఏ దేశానికి చెందాలన్న విషయంలోనూ అంతటి పట్టుదలనే కనబరిచాడు.

థామస్ ఫ్రాన్సిస్ కీలీ 1869 ఆగస్టు 25న టిప్పరరీ ప్రాంతంలో, క్యారిక్-ఆన్-షూర్ పట్టణానికి సమీపంలోని బాలినీల్ గ్రామంలో జన్మించాడు. ఆయనది వ్యవసాయ కుటుంబం. ఆనాడు ఐర్లండ్ బ్రిటిష్ పాలనలో ఉండేది. 1845లో మొదలైన ఘోరమైన కరవు మిగిల్చిన గాయాలు ప్రజల మనసులలో ఇంకా మానలేదు. అటువంటి కాలంలో దేశీయ క్రీడలను కాపాడుకోవడం కూడా జాతి గౌరవాన్ని నిలుపుకొనే మార్గమని పలువురు ఐరిష్ నాయకులు భావించారు. 1884లో టిప్పరరీలోని థర్లెస్ పట్టణంలో గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ ఏర్పడింది. దాని మొదటి అధ్యక్షుడు మారిస్ డేవిన్ క్యారిక్ సమీపంలోనే నివసించేవాడు. హ్యామర్ త్రోలో ఆయన గొప్ప పేరు గడించినవాడు. ఆయన సోదరులు కూడా ప్రసిద్ధ క్రీడాకారులే. వారి ఇరుగుపొరుగున పెరిగిన కీలీకి క్రీడలపట్ల ఆసక్తి బాల్యంలోనే నాటుకొన్నది.

యౌవనంలో అడుగుపెట్టేనాటికి కీలీ పరుగులోను, దూకడంలోను, బరువులు విసరడంలోను సమాన ప్రతిభ చూపసాగాడు. 1892లో జరిగిన ఐరిష్ పోటీలలో ఒక్కరోజులోనే ఏడు విజయాలు సాధించి ప్రేక్షకులను ఆశ్చర్యపరిచాడు. ఇంగ్లండులో జరిగే అమెచ్యూర్ అథ్లెటిక్ అసోసియేషన్ పోటీలలో 1897 నుండి 1902 వరకు గల ఆరు సంవత్సరాలలో ఐదుసార్లు హ్యామర్ త్రో విజేతగా నిలిచాడు. స్వదేశంలో ప్రజలు ఆయనను ఛాంపియన్ అనే పేరుతోనే పిలుచుకొనేవారు.

1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ఒలింపిక్ క్రీడలు ఏర్పాటయ్యాయి. వాటిలో భాగంగా పది అంశాల ఆల్‌రౌండ్ పోటీ జరుగనున్నది. అప్పటికి ఐర్లండుకు ప్రత్యేకమైన ఒలింపిక్ సంఘం లేదు. బ్రిటన్ తరఫున పాల్గొంటే ప్రయాణపు ఖర్చులు భరిస్తామన్న ప్రతిపాదన కీలీ ముందుకు వచ్చింది. రైతు కుటుంబానికి చెందిన ఆయనకు అది చిన్న సహాయం కాదు. అయినా ఆయన దానిని తిరస్కరించాడు. తాను గెలుచుకొన్న బహుమతులలో కొన్నింటిని అమ్మి దారిఖర్చు సమకూర్చుకొన్నాడని ఆ ప్రాంతంలో చెప్పుకొంటారు. ఏమైనా, ఆయన సొంత ఖర్చుతోనే అట్లాంటిక్ సముద్రాన్ని దాటి, ఐర్లండ్ ప్రతినిధిగా సెయింట్ లూయిస్ చేరుకొన్నాడు.

1904 జులై 4న పోటీ జరిగింది. అది అమెరికా స్వాతంత్ర్య దినోత్సవం. ఆనాడు కురిసిన వర్షానికి మైదానం తడిసి బురదమయమయింది. కీలీతోపాటు మరొక ఐరిష్ క్రీడాకారుడు జాన్ హాలోవే, ఐదుగురు అమెరికన్లు బరిలో దిగారు. అమెరికన్లలో 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో హైజంప్, లాంగ్‌జంప్ విజేత అయిన ఎలరీ క్లార్క్, లోగడ రెండుసార్లు అమెరికా ఆల్‌రౌండ్ విజేతగా నిలిచిన ఆడమ్ గన్ ఉన్నారు. నూరు గజాల పరుగు, షాట్‌పుట్, హైజంప్, 880 గజాల నడక, హ్యామర్ త్రో, పోల్‌వాల్ట్, 120 గజాల హర్డిల్స్, 56 పౌండ్ల బరువు విసరడం, లాంగ్‌జంప్, మైలు పరుగు అనే క్రమంలో పది పోటీలు జరిగాయి. మధ్యలో కొద్దిపాటి విశ్రాంతి మాత్రమే లభించేది. ప్రతి అంశంలోను అప్పటి అత్యుత్తమ ప్రమాణంతో పోల్చి పాయింట్లు ఇచ్చేవారు.

కీలీ అప్పుడు 35వ ఏట ఉన్నాడు. మొదటి పరుగులోనే ఆయన బాగా వెనుకబడ్డాడు. అయినా ధైర్యం కోల్పోలేదు. నడకలో ప్రథముడయ్యాడు. హ్యామర్ త్రోలో తన అనుభవాన్ని చూపాడు. హర్డిల్స్‌లోను, 56 పౌండ్ల బరువు విసరడంలోను కూడా మొదటి స్థానం ఆయనదే. ఈ నాలుగు విజయాలు తక్కిన అంశాలలోని లోటును పూడ్చాయి. క్లార్క్ మధ్యలోనే విరమించుకొన్నాడు. పోటీ ముగిసేసరికి కీలీకి 6,036 పాయింట్లు, ద్వితీయ స్థానంలో నిలిచిన గన్‌కు 5,907 పాయింట్లు లభించాయి. పది అంశాల శ్రమ తరువాత వారి నడుమ తేడా 129 పాయింట్లు మాత్రమే.

ఆ తరువాత రెండేళ్లకు, 1906లో, కీలీ మరల అమెరికా వెళ్లి బోస్టన్ నగరంలో జరిగిన ఆల్‌రౌండ్ పోటీలోనూ గెలిచాడు. అదే సంవత్సరం ఏథెన్స్ క్రీడలలో మరొక ఐరిష్ క్రీడాకారుడు పీటర్ ఓకానర్, తనను బ్రిటన్ జాబితాలో చేర్చినందుకు నిరసనగా జెండా స్తంభమెక్కి ఐరిష్ పతాకాన్ని ఎగురవేశాడు. కీలీ మౌనంగా చెప్పిన మాటనే ఓకానర్ బహిరంగంగా చాటాడు. అయినప్పటికీ అనేక రికార్డు పుస్తకాలలో కీలీ విజయం బ్రిటన్ ఖాతాలోనే చేరింది.

కీలీ స్వదేశానికి తిరిగివచ్చి వ్యవసాయం చేసుకొంటూ జీవించాడు. ఆయన కళ్లముందే ఐర్లండ్ స్వపరిపాలన సాధించింది. 1924లో పారిస్ ఒలింపిక్స్‌లో తొలిసారిగా స్వతంత్ర దేశంగా పాల్గొన్నది. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పాట్ ఓకాలహాన్ ఆ దేశానికి మొదటి స్వర్ణపతకాన్ని తెచ్చిపెట్టాడు. అది కీలీకి ఎంతో ప్రియమైన హ్యామర్ త్రోలోనే కావడం విశేషం. 1951 నవంబరు 6న, 82 సంవత్సరాల వయస్సులో కీలీ కన్నుమూశాడు.

1912 స్టాక్‌హోం ఒలింపిక్స్ నుండి పది అంశాల పోటీ డెకాథ్లాన్ పేరుతో కొనసాగుతున్నది. అయితే అది రెండు దినాలలో జరుగుతుంది. ఒక్క దినంలో, బురదనేలపై, పది పోటీలను పూర్తిచేసిన కీలీ దేహదార్ఢ్యాన్ని తలచుకొంటే నేటికీ ఆశ్చర్యం కలుగుతుంది. కాని పతకంకంటె ముందే ఆయన ఒక విజయం సాధించాడు. సులభంగా లభించే సహాయాన్ని కాదని, తన నేల పేరును తనతో తీసుకొనివెళ్లిన ఆత్మగౌరవమే ఆ విజయం.