ఆలిస్ మిలియా

1896లో ఏథెన్స్ నగరంలో తొలి ఆధునిక ఒలింపిక్ క్రీడలు జరిగినపుడు బరిలో దిగినవారిలో ఒక్క స్త్రీ కూడా లేదు. ఆ క్రీడలను పునరుద్ధరించిన ఫ్రెంచి ప్రభువు కూబర్తే విద్యావంతుడు, విశాల దృక్పథం గలవాడు. అయినా స్త్రీలు ప్రేక్షకుల ముందు పోటీపడటం ఆయనకు ఏనాడూ రుచించలేదు. 1900 నుండి టెన్నిస్, గోల్ఫ్, ఆ తరువాత ఈత వంటి కొన్నింటిలో స్త్రీలకు ప్రవేశం లభించినా, ఒలింపిక్స్‌కు ప్రాణప్రదమైన పరుగు పందేలు పురుషులకే పరిమితమయ్యాయి. ఆ నిషేధాన్ని ఎదిరించి నిలిచిన వనిత ఆలిస్ మిలియా.

ఆమె 1884 మే 5వ తేదీన ఫ్రాన్సులోని నాంట్ నగరంలో జన్మించింది. యౌవనంలో ఇంగ్లండు వెళ్ళి, అక్కడే వివాహం చేసుకొంది. 1908లో భర్త మరణించాడు. సంతానం లేదు. స్వదేశానికి తిరిగి వచ్చి, అనువాదకురాలిగా జీవనం సాగిస్తూ పారిస్‌లోని ఒక మహిళా క్రీడాసంఘంలో చేరింది. పడవ నడపడం ఆమెకు ప్రియమైన క్రీడ. కొద్ది కాలానికే ఆ సంఘానికి అధ్యక్షురాలై, 1919లో ఫ్రెంచి మహిళా క్రీడాసంఘాల సమాఖ్యకు కూడా అధ్యక్షత వహించింది.

అదే సంవత్సరం ఆమె అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీని ఒక కోరిక కోరింది. తరువాతి ఒలింపిక్స్‌లో స్త్రీలకు కూడా పరుగు, దూకుడు, విసురుడు పోటీలు ఉండాలన్నదే ఆ కోరిక. కమిటీ నిరాకరించింది. ఇటువంటి తిరస్కారం ఎదురైనపుడు మరొకరు మళ్ళీ అర్జీ పెట్టుకొని ఎదురుచూసేవారేమో! ఆమె ఆ పని చేయలేదు. 1921లో అంతర్జాతీయ మహిళా క్రీడా సమాఖ్యను స్థాపించి, మరుసటి ఏడు ఆగస్టు 20న పారిస్‌లో మహిళా ఒలింపిక్స్ పేరుతో పోటీలు జరిపించింది. పోటీలు ఒక్కరోజే జరిగాయి. వచ్చినవి 5 దేశాలే. కాని చూడవచ్చినవారు సుమారు 20 వేలమంది!

అంతవరకు పట్టించుకోని పెద్దలు ఇపుడు ఆ పేరుపై అభ్యంతరం తెలిపారు. ఒలింపిక్స్ అన్న మాట తమదేనన్నారు. ఆలిస్ ఆ పేరు వదులుకోవడానికి అంగీకరించింది. అందుకు ప్రతిగా ఒలింపిక్స్‌లో మహిళల అథ్లెటిక్స్‌కు చోటు ఇవ్వాలన్నది ఒప్పందం. 1926లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఆమె క్రీడలు మహిళా ప్రపంచ క్రీడలుగా పేరు మార్చుకొన్నాయి. ఆ క్రీడలకు జపాను నుండి ఒంటరిగా వచ్చిన హితోమి కినుయే అనే యువతి లాంగ్‌జంప్‌లో విజేతగా నిలిచింది.

1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మహిళలకు దక్కినవి 5 అంశాలే. ఇది చాలదని ఆగ్రహించి బ్రిటిష్ మహిళా అథ్లెట్లు ఆ పోటీలను బహిష్కరించారు. వారి కోపంలో న్యాయం ఉంది. దొరికిన దారిని వదులుకోరాదన్న ఆలిస్ ఆలోచనలోనూ వివేకం ఉంది. అక్కడ 800 మీటర్ల పరుగులో జర్మనీకి చెందిన లీనా రాడ్కే 2 నిమిషాల 16.8 సెకన్లలో గమ్యం చేరి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. హితోమి ద్వితీయ స్థానం పొందింది. పరుగు ముగిసిన తరువాత అలసటతో ఒకరిద్దరు నేలకు ఒరిగితే, పలు పత్రికలు దానిని ఘోరప్రమాదంగా చిత్రించాయి. పరుగెత్తి సొమ్మసిల్లిన పురుషులను వీరులని కొనియాడిన కాలమది! ఫలితంగా స్త్రీల 800 మీటర్ల పరుగును ఒలింపిక్స్ నుండి తొలగించారు. అది తిరిగి వచ్చింది 1960లో.

ఇటువంటి జాప్యం ఆ ఒక్క పోటీతో ఆగలేదు. మహిళల మారథాన్‌కు 1984 వరకు, వెయిట్‌లిఫ్టింగ్‌కు 2000 వరకు ఒలింపిక్స్‌లో చోటు లేదు. ఆ 2000 సిడ్నీ క్రీడలలోనే శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి కాంస్య పతకం సాధించింది.

1930లో ప్రేగ్‌లో, 1934లో లండన్‌లో మహిళా ప్రపంచ క్రీడలు జరిగాయి. ఒలింపిక్స్‌లో స్త్రీలకు పూర్తిస్థాయి పోటీలైనా పెట్టండి, లేదా స్త్రీలను మాకే విడిచిపెట్టండి అని ఆలిస్ గట్టిగా పట్టుబట్టింది. రెండూ జరగలేదు. 1936లో మహిళల అథ్లెటిక్స్ అధికారం పురుషుల ఆధ్వర్యంలోని అంతర్జాతీయ సమాఖ్యకు దక్కింది. ఆమె స్థాపించిన సంస్థ అంతరించింది. అనారోగ్యంతో ఆమె క్రీడారంగానికి దూరమై, 1957 మే 19న పారిస్‌లో కన్నుమూసింది.

నాంట్‌లోని ఆమె సమాధిపై చాలాకాలం ఆమె పేరు కూడా లేదు. 2021 మార్చి 8న పారిస్‌లోని ఫ్రెంచి ఒలింపిక్ కమిటీ భవనంలో, కూబర్తే విగ్రహం ఉన్న చోటనే, ఆమె విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. మూడేళ్ళ తరువాత అదే నగరంలో జరిగిన ఒలింపిక్స్‌లో స్త్రీపురుషులకు సమానసంఖ్యలో స్థానాలు కేటాయించారు.