నవాబు గారి దుర్భిణి

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని గురించి వ్రాయమని కార్యదర్శి గారు అడిగారు. నేను ఎంచుకున్న పేరు మనలో చాలామందికి కొత్తగా ఉండవచ్చును.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన జిల్లా మీదుగా పోయింది. అప్పుడు నేను పాల్వంచలో ఉద్యోగం చేస్తున్నాను. మధ్యాహ్నం మూడున్నర దాటాక పట్టపగలే చీకటి పడింది. మా క్వార్టర్సులో ఒక్క తలుపూ తెరవలేదు. మా అమ్మ ఊరగాయ జాడీల మీద దర్భలు వేసి జపం చేసుకుంటూ కూర్చున్నది. చదువుకున్నవాడినైన నేనూ లోపలే ఉన్నాను. హైదరాబాదు దగ్గర రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు యంత్రాలు పెట్టి ఆ గ్రహణాన్నే పరిశీలించారని తరువాత చదివి సిగ్గుపడ్డాను. ఆ వేధశాల పుట్టుపూర్వోత్తరాలు వెదుకుతూ పోతే నవాబ్ జఫర్ జంగ్ బహదూర్ కనిపించారు.

ఆయన పైగా వంశీకుడు. ఆ ఇంటి పూర్వులలో ఒకరు పాశ్చాత్య శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తర్జుమా చేయించి అచ్చువేయించారు. అటువంటి ఇంట పుట్టిన జఫర్ జంగ్ గారికి ఆకాశం మీద మోజు కలగడంలో ఆశ్చర్యం లేదు. ఇంగ్లండు నుండి 15 అంగుళాల పెద్ద దుర్భిణి తెప్పించి, 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాల నెలకొల్పారు. తన పేరు పెట్టుకోలేదు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ అనుమతి తీసుకుని నిజామియా అని పెట్టారు. తన అనంతరం దానిని ప్రభుత్వం స్వీకరించాలని కోరుకున్నారు. 1907లో కన్నుమూశారు. 1908లో సర్కారు దానిని తీసుకున్నది, తరువాత బేగంపేటకు మార్చింది.

గోదావరి అవతల మద్రాసు ప్రెసిడెన్సీలో (మన భద్రాచలం కూడా తరువాత అటువైపే చేరింది) విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు 1840లోనే సొంత వేధశాల కట్టారు. అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దానిని ఎంతో పేరుకు తెచ్చారు. కానీ ఈనాడు అక్కడ ఆ వేధశాల లేదు. డాబాగార్డెన్స్ అనే పేటపేరు మాత్రం మిగిలింది.

నిజామియాకు ఆ గతి పట్టలేదు. ప్రపంచంలోని వేధశాలలు ఆకాశాన్ని వాటాలు వేసుకుని ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారుచేస్తుండగా, దక్షిణాన 17 నుండి 23 డిగ్రీల మేర హైదరాబాదు వంతుకు వచ్చింది. చాట్‌వుడ్, పోకాక్, తరువాత టి.పి. భాస్కరన్ గార్లు, పేరు తెలియని గుమాస్తాలు ఏళ్ల తరబడి ఫొటో పలకల మీద చుక్కలు కొలిచి లెక్కలు కట్టారు. మనబోటి నెల జీతగాళ్లే! పెద్ద దుర్భిణి పనిలోకి వచ్చేసరికి 1922 అయింది. తెప్పించిన మనిషి పోయి పదిహేనేళ్లు. మధ్యలో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. నగర దీపాల వెలుగు పెరిగి చుక్కలు మసకబారడంతో, 1968లో రంగాపూర్‌లో 48 అంగుళాల దుర్భిణి పెట్టారు.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. నేను పనిచేసిన ఒక ఆఫీసు స్టోర్సులో పాతకాలపు ఇత్తడి థియోడొలైట్ ఉండేది. తనిఖీలో పనికిరాని సామాను జాబితాలోకి ఎక్కింది. తూకానికి వేలం వేశాము. కొన్నవాడు గేటు దాటకముందే సుత్తితో అద్దం ఊడగొట్టాడు. జాబితా మీద సంతకం నాది. పక్కనే హైస్కూలు ఉన్నది, అక్కడి పిల్లలకు ఇద్దామన్న ఆలోచన ఆనాడు రాలేదు.

1985లో నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటోరియం తెరిచాక మా పిల్లలను తీసుకుపోయాను. గుండ్రటి కప్పు మీద చుక్కలు పొడవగానే చిన్నది నా చెయ్యి గట్టిగా పట్టుకున్నది. ఇప్పుడు దాని కూతురు ఎనిమిదో తరగతి. ఈ సెలవులకు బేగంపేట తీసుకుపోయి నిజామియా భవనం చూపిస్తానని మాట ఇచ్చాను. నవాబు గారి కథ ఆ పిల్లకు ఇప్పటికే రెండుసార్లు చెప్పాను, మూడోసారి అక్కడ నిలబడి చెబుతాను.