పొయ్యి సెగతో కరెంట్.. కనిపెట్టిన సీబెకే ఒప్పుకోలేదు!

2024 సెప్టెంబర్‌లో బుడమేరు ముంచెత్తినప్పుడు గుర్తుందా? బెజవాడ సింగ్‌నగర్‌లో కరెంట్ లేక ఫోన్లు స్విచ్ఛాఫ్ అయ్యాయి. నాలుగు పుల్లల మంటతో ఫోన్ ఛార్జ్ చేసే బుల్లి పొయ్యిలు ఇప్పుడు మార్కెట్లో ఉన్నాయి. వాటి వెనకున్న సూత్రం థామస్ సీబెక్‌ది.

ఇప్పటి ఎస్తోనియా రాజధాని తాలిన్‌లో 1770లో పుట్టారు. చదివింది వైద్యం, మనసంతా ఫిజిక్స్ మీదే. కవి గోథేతో కలిసి రంగుల మీద కూడా ప్రయోగాలు చేశారు. 1821లో రాగి, బిస్మత్‌లను రెండు చివర్లా కలిపి, ఒక చివర వేడి చేశారు. పక్కనున్న దిక్సూచి ముల్లు కదిలింది! వేడికి లోహాలు అయస్కాంతంలా మారాయని అనుకున్నారు. అసలు సంగతేంటంటే, వాటిలో కరెంట్ పారింది. డెన్మార్క్ శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్ ఈ మాట చెప్పి, థర్మోఎలక్ట్రిసిటీ అని పేరు పెట్టినా సీబెక్ వినలేదు. 1831లో బెర్లిన్‌లో కన్నుమూసేదాకా అదే పట్టు!

మన ఇబ్రహీంపట్నం వీటీపీఎస్‌లో బొగ్గు మండాలి, నీళ్లు ఆవిరవ్వాలి, టర్బైన్ తిరగాలి. సీబెక్ పద్ధతిలో తిరిగేదేమీ లేదు. ఒకవైపు వేడి, ఇంకోవైపు చల్లదనం ఉంటే చాలు. కాకపోతే వేడిలో కరెంట్‌గా మారేది చాలా కొద్ది భాగమే. ఆ కాస్తతోనే ఒకప్పుడు సోవియట్ పల్లెల్లో కిరోసిన్ లాంతరు సెగకు రేడియోలు మోగాయి.