జాక్ బ్రాటన్

జాక్ బ్రాటన్ (1703 ప్రాంతము – జనవరి 8, 1789) 18వ శతాబ్దానికి చెందిన సుప్రసిద్ధ ఆంగ్ల ముష్టియోధుడు. ముష్టియుద్ధానికి (బాక్సింగ్) ఇంగ్లండులో మొట్టమొదటి లిఖిత నియమావళిని రూపొందించినవాడు, శిక్షణలో మెత్తని చేతి తొడుగులను ప్రవేశపెట్టినవాడు ఈయనే. ఆంగ్ల ముష్టియుద్ధ పితామహుడని ఈయనను పేర్కొంటారు. ఈయనకు ముందువాడైన జేమ్స్ ఫిగ్‌కు కూడా ఈ బిరుదును ఇచ్చేవారున్నారు గాని, ఫిగ్ ప్రధానముగా కత్తిసాములోను, కర్రసాములోను ఆరితేరినవాడు. పిడికిలి పోరును ఒక ప్రత్యేక విద్యగా తీర్చిదిద్దిన ఘనత బ్రాటన్‌కే చెందుతుంది. వాడుకలో గ్లౌజులు అని పిలిచే బాక్సింగ్ తొడుగుల ఆధునిక చరిత్ర ఈయన పాఠశాలతోనే ప్రారంభమైనది.

తొలి జీవితము

బ్రాటన్ యౌవనములో లండన్ నగరములోని థేమ్స్ నదిపై పడవ నడిపి జీవించేవాడు. ఆ రోజులలో నదిపై వంతెనలు బహు తక్కువ. జనము నదిని దాటడానికి పడవవారిపైనే ఆధారపడేవారు. 1730లో ఆయన డాగెట్స్ కోట్ అండ్ బ్యాడ్జ్ అనే పడవ పందెములో విజేతగా నిలిచాడు. థామస్ డాగెట్ అనే హాస్యనటుడు 1715లో ప్రారంభించిన ఈ పందెము పడవ వృత్తిలో శిక్షణ ముగించుకొన్న యువకులకు మాత్రమే పరిమితము. తెడ్డు వేసి వేసి బలపడిన భుజములు, మణికట్లు తరువాతి వృత్తిలో ఆయనకు ఎంతగానో ఉపకరించాయి. తోటి పడవవానితో కలిగిన తగాదాలో అతనిని సునాయాసముగా ఓడించి, ఆ బలముతోనే పందెపు పోరులలోకి వచ్చాడని ఒక కథనము ప్రచారములో ఉన్నది.

బ్రాటన్ సుమారు 5 అడుగుల 11 అంగుళముల పొడవు, 14 స్టోన్‌ల (దాదాపు 89 కిలోలు) బరువు ఉండేవాడు. శిల్పి మైకేల్ రైస్‌బ్రాక్ తాను మలచిన హెర్క్యులిస్ విగ్రహానికి నమూనాలుగా తీసుకొన్న బలశాలులలో ఈయన ఒకడు. ఈ విగ్రహము ఇంగ్లండులోని స్టౌర్‌హెడ్ ఉద్యానములో ఉన్నది.

పోరాట విధానము

ఆ కాలపు పోటీలు ఒట్టి చేతులతోనే జరిగేవి. కాలపరిమితి లేదు, బరువును బట్టి తరగతులు లేవు. ప్రత్యర్థిని పట్టి పడవేయడము, జుట్టు పట్టుకోవడము, క్రింద పడినవానిని కొట్టడము కూడా చెల్లేవి. బలమే ప్రధానమైన ఈ పోరులో బ్రాటన్ ఉపాయాన్ని ప్రవేశపెట్టాడు. దెబ్బను ముంజేతితో ఆపడము, వెనుకకు అడుగువేస్తూ కొట్టడము, ప్రత్యర్థి తూలు చూసి ఎదురుదెబ్బ వేయడము ఆయన ప్రత్యేకతలు. 1747లో ఆత్మరక్షణ విద్యపై గ్రంథము వెలువరించిన కెప్టెన్ జాన్ గాడ్‌ఫ్రే సమకాలీన యోధులందరిలోను బ్రాటన్‌కు అగ్రస్థానమిచ్చాడు.

ఉదరము పై భాగాన, ప్రక్కటెముకలు కలిసే చోటికి దిగువనున్న గుంటపై కొట్టే దెబ్బకు ఆయన పేరుపొందాడు. అందుచేత ఆ స్థానానికి బ్రాటన్ గురుతు అనే పేరు వచ్చినది. ఆయన అక్కడ కొట్టడానికి మరొక కారణము కూడా ఊహించవచ్చు. ఒట్టి పిడికిలితో పుర్రెపై కొడితే ముందు విరిగేది కొట్టినవాని చెయ్యే. అందువలన అనుభవము గల యోధులు మెత్తని స్థానములనే ఎంచుకొనేవారు. చేతుల చర్మము గట్టిపడడానికి ఉప్పునీటిలో నానబెట్టే అలవాటు కూడా ఉండేది. చర్మము గట్టిపడవచ్చు గాని, లోపలి ఎముకకు దానివలన ఒరిగేదేమీ లేదు.

స్టీవెన్సన్‌తో పోటీ

1741లో టాటెన్‌హామ్ కోర్టు రోడ్డులో జార్జి టేలర్ నడుపుతున్న గోదాలో బ్రాటన్‌కు, యార్క్‌షైరు ప్రాంతానికి చెందిన బండివాడు జార్జి స్టీవెన్సన్‌కు పోటీ జరిగినది. సుమారు 40 నిమిషములు సాగిన ఈ పోరులో స్టీవెన్సన్ దారుణముగా దెబ్బతిని ఓడిపోయాడు. కొద్ది వారములకే అతడు మరణించాడని, ఆ దుఃఖముతోనే బ్రాటన్ నియమముల రచనకు పూనుకొన్నాడని ముష్టియుద్ధ చరిత్రలు చెబుతున్నాయి. మరణ వృత్తాంతమును కొందరు ఆధునిక చరిత్రకారులు అంగీకరించరు. పాల్ వైట్‌హెడ్ అనే కవి 1744లో ఈ పోరుపై ఒక వ్యంగ్య వీరకావ్యము వ్రాశాడు.

బ్రాటన్ నియమములు

1743 మార్చిలో ధనికుల చందాలతో బ్రాటన్ లండన్‌లోని ఆక్స్‌ఫర్డ్ రోడ్డు వద్ద సొంత గోదాను తెరిచాడు. అదే సంవత్సరము ఆగస్టు 16న ఏడు నియమములను ప్రకటించాడు. ఇవి ఆయన గోదాకు మాత్రమే ఉద్దేశించినవైనా, క్రమముగా దేశమంతటా ఆచరణలోకి వచ్చి, 1838లో లండన్ ప్రైజ్ రింగ్ నియమములు వచ్చేవరకు నిలిచాయి.

వేదిక నడుమ సుద్దతో గజము పొడవు, గజము వెడల్పు గల చదరమును గీయాలి. యోధులలో ఒకడు పడిపోయినప్పుడు అతని సహాయకుడు అర నిమిషములో అతనిని ఆ గీత వద్దకు తెచ్చి నిలబెట్టాలి. అలా తేలేకపోతే అతడు ఓడినట్లే. యోధులు, వారి సహాయకులు తప్ప ఇతరులు వేదికపైకి ఎక్కరాదు. వచ్చిన సొమ్ములో మూడింట రెండు వంతులు గెలిచినవానికి చెందుతుంది; ఆ పంపకము వేదికపైనే అందరి ఎదుట జరగాలి. ప్రేక్షకులలోని పెద్దమనుషుల నుండి ఇద్దరిని న్యాయనిర్ణేతలుగా ఎన్నుకోవాలి. వారికి పొత్తు కుదరకపోతే మూడవవానిని ఆ ఇద్దరే ఎన్నుకొంటారు. అన్నిటికంటె ముఖ్యమైనది చివరి నియమము. పడినవానిని కొట్టరాదు, నడుముకు దిగువన పట్టుకోరాదు, మోకాళ్ళపై ఉన్నవానిని కూడా పడినవానిగానే లెక్కించాలి. సొమ్ము పంపకానికి ఒక నియమమంతా కేటాయించడము చూస్తే ఆనాటి గోదాలలో ఎన్ని మోసములు జరిగేవో ఊహించవచ్చు.

ఈ నియమములలో తొడుగుల ప్రస్తావన ఎక్కడా లేదు.

మఫ్లర్లు

1747లో బ్రాటన్ హేమార్కెట్ ప్రాంతములో ముష్టివిద్య నేర్పే పాఠశాలను ప్రకటించాడు. ఉన్నత కుటుంబముల యువకులను ఆకర్షించడము దీని ఉద్దేశము. కళ్ళు నల్లబడి, దవడ విరిగి, ముక్కు నుండి రక్తము కారుతూ ఇంటికి వెళ్ళవలసి వస్తుందన్న భయము వారికి ఉండకూడదని, అభ్యాసములో మఫ్లర్లు అనే మెత్తని తొడుగులు వాడబడతాయని ఆ ప్రకటనలో హామీ ఇచ్చాడు. లోపల మెత్తని పదార్థము కూరిన ఈ తొడుగులే ఆధునిక గ్లౌజులకు మాతృకలు.

చేతికి ఆచ్ఛాదన అంతకుముందు లేకపోలేదు. ప్రాచీన గ్రీకులు ముష్టియుద్ధములో చేతులకు తోలుపట్టీలు చుట్టుకొనేవారు. రోమనులు వాటికి లోహపు ముక్కలను జోడించి దెబ్బను మరింత ప్రమాదకరము గావించారు. దెబ్బను మెత్తబరచడానికి తొడుగును వాడడములోనే బ్రాటన్ కొత్తదనమున్నది.

బ్రాటన్ తలచినది ఎదుటివాని ముఖము గురించి. కాని ఆ తొడుగు తొడిగినవాని చేతిని కూడా కాపాడినది. కాలక్రమములో ఈ రెండవ ప్రయోజనమే ప్రధానమైనది. పందెపు పోరులలో మాత్రము తొడుగులు ప్రవేశించడానికి మరొక శతాబ్దమునకు పైగా పట్టినది. 1867లో జాన్ గ్రాహమ్ ఛేంబర్స్ రచించగా క్వీన్స్‌బరీ మార్క్విస్ పేరుతో వెలువడిన నియమములు తొడుగులు తగిన పరిమాణములో, మేలురకమువి, కొత్తవి అయి ఉండాలని, పోటీ మధ్యలో చినిగినా ఊడినా మధ్యవర్తికి తృప్తి కలిగేలా మార్చాలని విధించాయి. 1892లో న్యూ ఆర్లియన్స్ నగరములో జాన్ ఎల్. సల్లివన్‌ను జేమ్స్ కార్బెట్ ఓడించిన హెవీవెయిట్ పోటీ తొడుగులతోనే జరిగినది.

చేతి రక్షణ – తొడుగు అమరిక

మనిషి చేతిలో 27 ఎముకలున్నాయి. వీటిలో అరచేతి భాగాన మణికట్టుకు, వ్రేళ్ళకు నడుమనున్న అయిదు ఎముకలు సన్ననివి. పిడికిలి దెబ్బ భారమంతా వీటిపైనే పడుతుంది. చూపుడువ్రేలు, నడిమివ్రేలు కణుపులతో తగిలిన దెబ్బ ముంజేతి ఎముకలకు సూటిగా చేరుతుంది. పిడికిలి ప్రక్కకు తిరిగి ఉంగరపువ్రేలు, చిటికెనవ్రేలు కణుపులతో తగిలితే ఆ వైపు ఎముక మెడవద్ద విరిగే ప్రమాదమున్నది. దీనిని వైద్యులు బాక్సర్ ఫ్రాక్చర్ అంటారు గాని, ఇది శిక్షణ లేనివారిలోనే ఎక్కువగా కనబడుతుంది. శిక్షితులైన బాక్సర్లకు మొదటి రెండు కణుపుల వద్ద, అరచేతి ఎముకలు మణికట్టుతో కలిసే కీళ్ళ వద్ద నొప్పి వస్తుంది.

చేతి నొప్పితో బాధపడే అభ్యాసకులలో పలువురి విషయములో దోషము దెబ్బలో గాక తొడుగు కొలతలో ఉంటుంది. వదులు తొడుగులో చెయ్యి లోపల జారుతుంది. దెబ్బ తగిలే క్షణములో కణుపులు మెత్త క్రిందనుండి తప్పుకొంటాయి, మణికట్టు మడతపడుతుంది. బిగుతు తొడుగులో పిడికిలి పూర్తిగా ముడుచుకోదు, వ్రేళ్ళు తిమ్మిరెక్కుతాయి. బొటనవ్రేలు అర వెనుకకు లాగుతూ ఉంటే ఆ కీలు బెణుకుతుంది.

తొడుగుపై ఔన్సులలో వ్రాసి ఉండే అంకె దాని బరువును తెలుపుతుందే కాని చేతి కొలతను కాదు. (ఒక ఔన్సు 28 గ్రాములకు కొద్దిగా ఎక్కువ.) కొత్తవారు పొరబడేది ఇక్కడే. వృత్తిపరమైన పోటీలలో సాధారణముగా 147 పౌన్ల వరకు 8 ఔన్సులు, ఆపైన 10 ఔన్సుల తొడుగులు వాడతారు. ఇద్దరు ఎదురెదురుగా చేసే అభ్యాసానికి 14 లేక 16 ఔన్సులవి వాడడము పరిపాటి. ఒకే బరువు గల రెండు తొడుగులలో లోపలి అర వేరువేరుగా ఉండవచ్చు. కాబట్టి బొటనవ్రేలిని వదలి, కణుపులకు దిగువన అరచేతి చుట్టుకొలతను టేపుతో తీసుకొని తయారీదారు పట్టికతో సరిచూడడము మంచిది.

తొడుగును ఒట్టి చేతికి తొడిగి చూడడము వలన ప్రయోజనము లేదు. దాని క్రింద ధరించే గుడ్డపట్టీ (పెద్దలకు సుమారు నాలుగున్నర మీటర్ల పొడవు) మణికట్టుకు, కణుపులకు చుట్టిన తరువాతనే తొడగాలి. వ్రేళ్ళ కొనలు అర చివరను తేలికగా తాకాలి. ప్రయాస లేకుండా పిడికిలి బిగియాలి. కణుపులు మెత్త మిక్కిలి మందముగా ఉన్నచోటనే నిలవాలి. పట్టీ బిగించాక మణికట్టు ముంజేతితో ఒకే గీతలో ఉండి, ఎటు త్రిప్పినా లోపల చెయ్యి కదలకూడదు. లేసులున్నవి గట్టిగా అమరుతాయి గాని, కట్టడానికి మరొకరి సహాయము కావాలి. ఒంటరిగా సంచిపై అభ్యసించేవారికి అతుకుడు పట్టీ గలవే అనుకూలము. వాడగా వాడగా మెత్త అణగిపోతుంది. కణుపులకు సంచి గట్టిదనము తెలియడము మొదలైతే, పై తోలు ఎంత కొత్తగా కనబడినా, ఆ తొడుగును మార్చవలసినదే. సరియైన తొడుగు వేసుకొన్నా నొప్పి, వాపు తగ్గకపోతే వైద్యునికి చూపించాలి.

తొడుగు వలన కలిగిన ఒక విపరీతమును కూడా చెప్పుకోవాలి. చేతికి భయము తీరడముతో యోధులు తలపై స్వేచ్ఛగా కొట్టడము మొదలుపెట్టారు. పదేపదే తలపై దెబ్బలు తిన్న బాక్సర్ల మెదడుకు కలిగే హానిని 1928లో హారిసన్ మార్ట్‌లాండ్ అనే అమెరికా వైద్యుడు వివరించాడు. తొడుగు పైకి కనిపించే గాయమును తగ్గించినంతగా లోపలి గాయమును తగ్గించలేదు.

స్లాక్ చేతిలో ఓటమి

బ్రాటన్ పోషకులలో ముఖ్యుడు రాజకుమారుడైన కంబర్లాండ్ డ్యూక్. 1750 ఏప్రిల్ 11న నార్విచ్‌కు చెందిన కసాయి జాక్ స్లాక్‌తో బ్రాటన్ తలపడ్డాడు. ఆయనకు అప్పటికి నలభై అయిదేళ్ళు దాటాయి. ప్రత్యర్థిని తక్కువగా అంచనా వేసి సరిగా సాధన చేయలేదని అంటారు. తొలుత పైచేయి ఆయనదే అయినా, కళ్ళ మధ్య తగిలిన ఒక్క దెబ్బతో కనురెప్పలు వాచి మూసుకుపోయాయి. ఎదుటివాడు కనబడక బ్రాటన్ వేదికపై తడుములాడవలసి వచ్చినది. పద్నాలుగు నిమిషములలో పోటీ ముగిసినది. శిష్యుల కళ్ళు వాయకుండా తొడుగులు కల్పించినవాడు తన కళ్ళు వాచి ఓడిపోవడము విచిత్రము. ఈ పోటీపై డ్యూక్ 10,000 పౌన్లు పోగొట్టుకొన్నాడని ప్రతీతి. అటుపిమ్మట బ్రాటన్ గోదా మూతపడినది. ఆయన మళ్ళీ పందెపు పోరుకు దిగలేదు.

చివరి దశ

ఆయన రాజభటులైన యోమెన్ ఆఫ్ ది గార్డ్ దళములో కొలువు పొందాడు. లాంబెత్‌లో స్థిరపడి పాతసామానుల వ్యాపారము చేస్తూ సుఖముగా జీవించాడు. ఆ కాలపు యోధులలో చాలామంది పేదరికములో కన్నుమూయగా, బ్రాటన్ 7,000 పౌన్ల ఆస్తి విడిచిపోయాడని చెబుతారు. 1789 జనవరి 8న లాంబెత్‌లోని స్వగృహములో మరణించాడు.

1990లో అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనను మార్గదర్శకుల వర్గములో చేర్చినది. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబ్బే వసారాలో ఆయన పేరుతో ఒక శిలాఫలకము ఉన్నది. ఆయన పేరు తరువాత ఇంగ్లండు ముష్టియుద్ధ విజేత అని చెక్కించాలని కోరగా, దేవాలయములో అటువంటి బిరుదు తగదని అప్పటి మతాధికారి అభ్యంతరము చెప్పడముతో ఆ చోటు ఖాళీగా ఉండిపోయినది. 1988లో ఆ మాటలను చెక్కి ఆ ఖాళీని పూరించారు.