కడుపు నుంచి తలదాకా: యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం

మన భాషలో కడుపు ఎన్ని పనులు చేస్తుందో ఒకసారి లెక్క వేయండి. ఓర్వలేకపోతే కడుపుమంట. బిడ్డ పోతే కడుపుకోత. పిల్లల మీద మమకారం కడుపుతీపి. ఎవరి తప్పయినా మన్నిస్తే కడుపులో పెట్టుకున్నట్టు. ఏ బాధా లేనివాళ్లు కడుపులో చల్ల కదలకుండా ఉన్నట్టు. మన మాలూరులో తెలుగిల్లు పక్కనే కన్నడం మాట్లాడే ఇల్లు ఉంటుంది కదా, వాళ్లు కూడా అసూయను హొట్టెకిచ్చు అంటారు. అంటే పొట్టలో నిప్పు. రెండు భాషలూ మనసుకు కడుపులోనే చోటిచ్చాయి.

క్లాసులో వీటిని జాతీయాలని రాసుకుని, పరీక్షలో సొంతవాక్యాలు రాసి వదిలేస్తాం. ఈ మాటల వెనక శరీరం గురించిన నిజం కూడా ఉందని నాకు అనిపించింది యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం చదివినప్పుడు. కడుపు జబ్బు ఆయన ఇంట్లో ఇద్దరిని తీసుకుపోయింది. ఆయన్నీ పట్టుకుంది. ఆయన జీవితం ఎటు పోవాలో చాలావరకు ఆ జబ్బే తేల్చింది. అందుకే ఈసారి మన గోడపత్రికకు ఆయన గురించి రాస్తున్నాను.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవారు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ ఇబ్బందే. పదమూడేళ్లప్పుడు కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి సంపాదిద్దామని ఇల్లు వదిలి బయల్దేరారట. దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. చదువు కూడా సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు, అదీ మద్రాసు హిందూ హైస్కూల్లో. తర్వాత రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం పుచ్చుకుంటానన్నారు. తల్లి ఒప్పుకోలేదు. మఠం వాళ్లూ తల్లి అనుమతి లేనిదే కుదరదన్నారు. వైద్యం చదివి జనానికి సేవ చేయొచ్చు కదా అన్న ఆలోచనతో మద్రాసు వైద్య కళాశాలకు వెళ్లారు. ఖర్చుకు స్నేహితులు ఆదుకున్నారు, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారూ సాయం చేశారు. 1919లో ఆయన కూతురు శేషగిరి గారినే పెళ్లి చేసుకున్నారు.

అవి గాంధీగారి పిలుపు ఊళ్లన్నీ తిరుగుతున్న రోజులు. సుబ్బారావు గారు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు దుస్తులతోనే వెళ్లారు. బ్రాడ్‌ఫీల్డ్ అనే తెల్ల ప్రొఫెసరుకు అది నచ్చలేదు. పరీక్షలు బాగానే రాసినా పూర్తి ఎం.బి.బి.ఎస్. ఇవ్వకుండా దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతిలో పెట్టారు. దాంతో ప్రభుత్వ వైద్య ఉద్యోగం తలుపు మూసుకుపోయింది.

అసలు దెబ్బ ఇంట్లో తగిలింది. ఇద్దరు అన్నదమ్ములు కొద్దిరోజుల తేడాలో పోయారు. జబ్బు పేరు ట్రాపికల్ స్ప్రూ, మనలాంటి వేడి దేశాల్లో వచ్చే పేగుల జబ్బు. ఆయుర్వేదంలో గ్రహణి అని చెప్పేది దీనికి దగ్గరగా ఉంటుంది. కొన్నాళ్లకు అదే జబ్బు సుబ్బారావు గారికీ వచ్చింది. ఇంగ్లీషు వైద్యం చదివిన ఈయనకు ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారు మందిచ్చి నయం చేశారు. (ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లిన రుక్మిణీ లక్ష్మీపతి గారు వీరి భార్యే.) కోలుకున్నాక సుబ్బారావు గారు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణం బోధించే పనిలో చేరారు.

ఈ స్ప్రూ ఏం చేస్తుందో కాస్త నెమ్మదిగా చూద్దాం, ఎందుకంటే తర్వాతి కథంతా దీని మీదే నిలబడి ఉంది. చిన్నపేగు లోపలి గోడ నున్నగా ఉండదు. మఖమల్ గుడ్డలాగా సన్నసన్నని పోగులతో నిండి ఉంటుంది. తిన్నదాంట్లోని సారాన్ని లాక్కునేవి ఆ పోగులే. స్ప్రూ వస్తే అవి అరిగిపోయి చదునైపోతాయి. మనిషి తింటూనే ఉంటాడు, ఒంటికి పట్టదు. నీళ్ల విరేచనాలు, ఎర్రగా పుండుపడ్డ నాలుక, పాలిపోయిన మొహం. వీటితో పాటు ఇంకోటి కూడా వస్తుంది: మనిషి మారిపోతాడు. ఊరికే చిరాకు పడతాడు, దేని మీదా ఆసక్తి ఉండదు, దిగులుగా ఓ మూల కూర్చుంటాడు. జబ్బు ఉన్నది పేగులో, ఇంట్లోవాళ్లకు కనబడేది కోపం.

ఇలా ఎందుకవుతుంది? పేగు గోడ కణాలు కొద్దిరోజులకొకసారి రాలిపోయి కొత్తవి పుడుతుంటాయి. కొత్త కణం పుట్టాలంటే ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ కావాలి. ఆ విటమిన్ ఒంట్లోకి రావాలంటే పేగు గోడ బాగుండాలి. గోడ పాడైతే విటమిన్ రాదు, విటమిన్ రాకపోతే గోడ బాగుపడదు. రక్తకణాలు పుట్టడానికీ అదే కావాలి, కాబట్టి రక్తం తగ్గుతుంది. మెదడులో మన ఉత్సాహాన్నీ నిద్రనూ దిగులునూ నడిపించే సెరటోనిన్, డోపమిన్ లాంటి రసాయనాలు తయారవడంలోనూ ఫోలిక్ ఆమ్లానికి పాత్ర ఉంది. పేగులో మొదలైన కరువు అలా తలదాకా పాకుతుంది.

సుబ్బారావు గారి రోజుల్లో ఇందులో చాలావరకు ఎవరికీ తెలియదు. ఫోలిక్ ఆమ్లం అన్న పేరే ఇంకా పుట్టలేదు. తెలుసుకోవాలన్న పట్టుదలతో ఆయన అమెరికా ప్రయాణం కట్టారు. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం, మామగారి సాయం కలిశాయి. 1922 అక్టోబరు చివర్లో బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో ఉష్ణదేశ వ్యాధుల చదువులో చేరారు, అంటే తన ఇంటిని కూల్చిన జబ్బుల చదువే. పొట్ట గడవడానికి రాత్రిళ్లు ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. డాక్టరు చదువు చదివినాయన ఆ పని చేయడానికి ఏమాత్రం సిగ్గుపడలేదు.

హార్వర్డ్‌లో ఆయన చేసిన పనులు వేరే వ్యాసానికి సరిపోతాయి. సైరస్ ఫిస్క్ గారితో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు, 1925లో అచ్చయింది. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. పదార్థాలను వెలికితీశారు. 1930లో డాక్టరేట్ వచ్చింది. ఇంత చేసినా అక్కడ స్థిరమైన ప్రొఫెసరు పదవి మాత్రం దక్కలేదు.

అదే హార్వర్డ్ వైద్య కళాశాలలో ఆ రోజుల్లో వాల్టర్ కానన్ అనే ప్రొఫెసరు ఉండేవారు. పిల్లి జీర్ణాశయం ఎలా కదులుతుందో ఎక్స్‌రేలో చూస్తూ, ఆ పిల్లికి చిరాకు కలిగితే కదలిక ఆగిపోతుందని ఆయన చాలా ముందే గమనించారు. తల నుంచి కడుపుకు కబురు వెళ్తుందన్నమాట. కడుపు నుంచి తలకు వచ్చే కబురు ఇంకో దారిలో బయటపడింది. బోస్టన్‌లోనే మైనాట్, మర్ఫీ అనే వైద్యులు ప్రాణాంతకమైన ఒక రకం రక్తహీనతకు కాలేయం తినిపిస్తే తగ్గుతుందని 1926లో చూపించారు. ఆ జబ్బు ముదిరితే కాళ్లు తిమ్మిరెక్కుతాయి, నడక తడబడుతుంది, బుద్ధి మందగిస్తుంది. దాని మూలం జీర్ణాశయంలోనే ఉందని కాసిల్ అనే ఇంకో బోస్టన్ వైద్యుడు తేల్చారు. కాలేయంలో ఉన్న ఆ మేలుచేసే పదార్థం ఏమిటి? 1930ల్లో సుబ్బారావు గారు ఈ ప్రశ్న పట్టుకుని కూర్చున్నారు.

1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి మారారు, న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్లో. 1942లో పరిశోధన విభాగానికంతటికీ అధిపతి అయ్యారు. ఈలోగా 1941లో టెక్సస్‌లో కొందరు శాస్త్రజ్ఞులు పాలకూర నుంచి ఒక పదార్థం తీసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. టన్నుల ఆకు నుంచి చిటికెడు కూడా రాని పదార్థం రోగికి మందుగా ఎలా అందుతుంది? దాన్ని ప్రయోగశాలలో తయారుచేయాలి. సుబ్బారావు గారి బృందం 1945లో ఆ పని సాధించింది. కొద్దికాలంలోనే టామ్ స్పైస్ అనే వైద్యుడు స్ప్రూ రోగులకు ఆ మందు ఇచ్చి చూశారు. నాలుక మానింది, ఆకలి పుట్టింది, రక్తం పెరిగింది. నీరసంగా పడి ఉన్నవాళ్లు లేచి కూర్చున్నారు. ఇద్దరు అన్నదమ్ములు పోయిన పాతికేళ్లకు ఆ మందు వచ్చింది.

అయితే ఫోలిక్ ఆమ్లం అన్నిటికీ మందు కాలేదు. కాసిల్ గారు చూసిన రక్తహీనతకు దీన్నొక్కదాన్నే ఇస్తే రక్తం బాగుపడేది గాని నరాలు పాడవుతూనే ఉండేవి. అక్కడ లోపించింది వేరే విటమిన్. అది బి-12 అని 1948లో బయటపడింది. నివేదికలో రక్తం బాగుందని మురిసిపోతుంటే లోపల నరాలు దెబ్బతినడం అంటే ఎంత ప్రమాదమో ఆలోచించండి.

అదే 1948లో లెడర్లీ నుంచి ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ అనే మందుల కుటుంబంలో అది మొదటిది. సుబ్బారావు గారి నాయకత్వంలో డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీశారు. ఈ రోజు ట్రాపికల్ స్ప్రూకు వైద్యులు ఏం ఇస్తారో తెలుసా? ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. కొన్ని నెలలు కలిపి వాడతారు, అవసరాన్ని బట్టి బి-12 కూడా ఇస్తారు. మొదటిదాన్ని తయారుచేసింది ఆయన నడిపిన ప్రయోగశాలే, రెండోదాని కుటుంబంలో మొదటి మందు వచ్చిందీ అక్కడి నుంచే. నాకు ఈ సంగతి తెలిసినప్పుడు ఒళ్లు జలదరించింది. ఆయన మాత్రం ఈ రెండూ కలవడం చూడలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, నిద్రలోనే గుండె ఆగిపోయింది.

ఆయన మళ్లీ మన దేశానికి రాలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. మనం చదివే జీవితచరిత్రల్లో ఇలాంటి భార్యలకు ఒక వాక్యం దొరికితే గొప్ప. ఫోలిక్ ఆమ్లం కోసం ఆయన ఇచ్చినదాంట్లో ఆమె జీవితం కూడా ఉంది, ఆమెను ఎవరైనా అడిగి ఉంటారా అన్నది నాకు తెగని ప్రశ్న.

ఆయన తర్వాత కాలంలో కడుపుకూ తలకూ మధ్య దారులు ఇంకా స్పష్టంగా తెలిశాయి. మెదడు నుంచి పొట్టదాకా దిగే వేగస్ అనే పెద్ద నరంలో ఎక్కువ పోగులు కింది నుంచి పైకే కబురు మోస్తాయి. పేగు గోడలో కోట్ల కొద్దీ నరకణాలు ఉన్నాయి. ఒంట్లోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగులోనే తయారవుతుంది. అది నేరుగా మెదడులోకి వెళ్లదు గాని నరాల ద్వారా కబురు పంపుతుంది. పరీక్ష ముందు కడుపులో దేవినట్టుండటం మనందరికీ తెలిసిందే కదా. అది పై నుంచి కిందికి వచ్చిన కబురు. పొద్దున ఏమీ తినకుండా రైలెక్కి వచ్చిన రోజు పదకొండింటికల్లా ఎవరు పలకరించినా విసుగు రావడం, కింది నుంచి పైకి వెళ్లిన కబురు.

మన ఆడపిల్లలకు ఇది ఇంకా దగ్గరి విషయం. గర్భం నిలిచిన మొదటి 28 రోజుల్లోనే బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం మూసుకోవాలి. అప్పటికి చాలామందికి గర్భం వచ్చిన సంగతే తెలియదు. తల్లి ఒంట్లో ముందు నుంచే ఫోలిక్ ఆమ్లం సరిపడా ఉంటే ఆ లోపాలను చాలావరకు ఆపవచ్చని 1991లో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. ప్రభుత్వ బడుల్లో వారానికొకసారి ఇచ్చే నీలం మాత్రలో ఇనుముతో పాటు ఉన్నది ఈ ఫోలిక్ ఆమ్లమే. టీచరమ్మ అటు తిరగగానే కిటికీలోంచి బయటికి వెళ్లిపోయే మాత్రలను మనం చూడలేదా? సుబ్బారావు గారి ఇంట్లో ఆ మాత్ర ఉండి ఉంటే ఏమయ్యేదో చెల్లెళ్లకు చెప్పండి.

మన ఇళ్లలో రాగిముద్దతో చేసే బస్సారు కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఫోలిక్ ఆమ్లం ఆకుకూరల్లో, పప్పుల్లో ఎక్కువ. ఉడికిస్తే కొంత చెడిపోతుంది, కొంత నీళ్లలోకి దిగిపోతుంది. మన అవ్వలు ఆ నీళ్లు పారబోయకుండా వంపుకుని దాంతోనే సారు కాచారు.

దిగులంతా కడుపు నుంచే వస్తుందని నేను అనడం లేదు. మనసుకు దాని కారణాలు దానికుంటాయి. కానీ మన పక్కన కూర్చునే అమ్మాయి కొన్నాళ్లుగా పాలిపోయి, అలసిపోయి, ప్రతిదానికీ కసురుకుంటుంటే, దానికి పొగరని తేల్చేయకముందు ఏం తింటున్నావే అని అడుగుదాం. అవసరమైతే ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయిద్దాం. ఆమె పోట్లాట మనతో కాకపోవచ్చు. ఆమె ఒంట్లో ఎక్కడో ఒక విటమిన్ కరువై ఉండొచ్చు.